ముత్తైదువ విస్తరి

"తువ్వాల తియ్యండి," అంది ప్రభావతి మళ్లీ.

శ్యామ్‌సుందర్ తియ్యలేదు. గడపకు లోపల ఒక కాలు, బయట ఒక కాలు పెట్టుకుని, తలకు చుట్టిన తువ్వాలను రెండు చేతులతో అదిమి పట్టుకుని నిలబడ్డాడు. సందె దీపానికని ఆమె నూనెలో ముంచిన వత్తి వేళ్ల మధ్యనే ఉండిపోయింది. నూనె మణికట్టు మీదికి కారుతోంది.

తువ్వాల తీయకపోయినా తెలుస్తూనే ఉంది. పొద్దున ఇల్లు దాటేటప్పుడు ఉన్న మీసం ఇప్పుడు లేదు. పెదవి పైన చర్మం పుట్టి ఎన్నడూ ఎండ చూడనట్టు తెల్లగా, తడిగా ఉంది.

వసారాలో పడక కుర్చీలో వామన్‌రావు ఉర్దూ పేపరు చదువుకుంటున్నాడు. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో ఉద్యోగమంతా చేసి రిటైరైన మనిషి. చప్పుడు వినిపించి పేపరు దించాడు. కొడుకును చూశాడు. కళ్లజోడు తీసి, పంచె కొంగుతో అద్దాలు తుడిచి, మళ్లీ పెట్టుకుని ఇంకోసారి చూశాడు.

అప్పుడు శ్యామ్‌సుందర్ తనంతట తానే తువ్వాల తీసేశాడు. నున్నటి గుండు. చెవి వెనకాల కత్తి గీసుకున్నచోట చిన్న నెత్తుటి చార.

తండ్రి బతికున్నవాడు ఎవరు పోయినా తల గొరిగించుకోడు. తల్లి పోతే తప్ప. ఆ ఇంట్లో పసిపిల్లవాడిని లేపి అడిగినా చెప్పే మాట అది. శ్యామ్‌సుందర్ తల్లి లక్ష్మీనర్సమ్మ పోయినప్పుడు ఒకసారి ఆ పని జరిగింది. రెండోసారి జరగాలంటే ఎవరు పోవాలో, ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఇంద్రసేనరావు సార్ నాయన పదో దినం గద ఇయ్యాల," అన్నాడు శ్యామ్‌సుందర్, అంతకంటే వేరే వివరం అక్కర్లేదన్నట్టు.

ఆ తర్వాత చాలా చెప్పాడు. మూసీ ఒడ్డున సారు ఒక్కడే కూర్చున్నాడట. అంత పెద్ద ఆఫీసరు, జిల్లాలకు జిల్లాలు ఆయన సంతకం కోసం ఎదురుచూస్తాయి, కాని దాయాదులతో పాత తగాదాలుండి ఒక్క జ్ఞాతి కూడా రాలేదట. ఆఫీసు వాళ్లంతా గట్టు మీద చెప్పులు చేతబట్టుకుని నిలబడ్డారట. పక్కన కూర్చునేవాళ్లు ఎవరూ లేరా అని పురోహితుడు అటూ ఇటూ చూస్తే సారు తలవంచుకుని ఏడ్చాడట.

"నా కడుపుల దేవినట్లయింది బాపూ. నేనున్న సార్, మీకు తమ్ముని లెక్కనే అని పోయి కూసున్న. అంతే."

నిజంగానే కడుపులో దేవి ఉండవచ్చు. శ్యామ్‌సుందర్ రాయి కాదు. కాని హెడ్ క్లర్కు ఖాళీ మీద వచ్చే వారం సంతకం చేయవలసింది కూడా ఆ తలవంచుకుని ఏడ్చిన మనిషే. ఏ సంగతి ముందు తట్టి లేచాడో, ఏది తర్వాత తట్టిందో ఇప్పుడు అతనికే తెలియదేమో అనిపించింది ప్రభావతికి. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

వామన్‌రావు అంతా విని ఒక్క మాట అడిగాడు.

"పంతులు అడగలేదారా?"

"ఏమని?"

"కత్తి పెట్టే ముందు అడుగుతరు గద."

శ్యామ్‌సుందర్ చెప్పులు విప్పాడు. "జర కాళ్లు కడుక్కోనియ్యి బాపూ, పొద్దటి సంది ఎండలున్న," అని తండ్రి పక్కనుంచి, ఆయన కాలు తగలకుండా ఒంటి పక్కకు ఒదిగి, పెరట్లోకి వెళ్లిపోయాడు.

వామన్‌రావు పేపరు మళ్లీ ఎత్తుకున్నాడు. చాలాసేపటి దాకా పేజీ తిరగలేదు.

"దీపం పెట్టు బిడ్డా," అన్నాడు పేపరు వెనకనుంచి. "సందె దాటిపోతున్నది."

* * *

పెరట్లో నీళ్ల గోలెం దగ్గర భర్త ఒంటి మీద నీళ్లు పోసుకుంటుంటే ప్రభావతి తులసికోట పక్కన నిలబడింది.

"అడిగిన్రా?"

చెంబు నీళ్లు.

"పంతులు మిమ్మల్ని అడిగిండా, మీ నాయన ఉన్నడా అని?"

ఇంకో చెంబు. నీళ్లు గుండు మీద పడి, ఆగడానికి ఏమీ లేక, ముఖం మీదుగా జారిపోయాయి.

"అడిగిండు."

"ఏం చెప్పిన్రు?"

"లేడన్న." ముఖం తుడుచుకున్నాడు. "సారు గూడ ఇన్నడు. ఎప్పుడు పోయిండన్నడు. నా చిన్నప్పుడే పోయిండు, అమ్మనే పెంచింది అన్న. ఇంగ ఏం జెప్పాలె? ఉన్నడంటె కూసోనియ్యరు."

ప్రభావతి మెట్టు మీద కూర్చుంది. వేళ్లకు నూనె ఇంకా జిడ్డుగానే ఉంది. చీర కుచ్చిళ్లకు తుడుచుకుంది. పోలేదు.

"మాటతోని ఎవలన్న సస్తరా ప్రభా? బాపు ఆడ కుర్చీల కూసున్నడు గద, రాయి లెక్క. ఆయనకేమైంది? గిది ఎవ్వరికీ నుక్సాన్ లేని మాట."

"మరి గా సారు ఎదుట ఉన్నడనవచ్చు గద, నుక్సాన్ లేకుంటె," అంది ఆమె.

ఆ రాత్రి అన్నం వడ్డించేటప్పుడు ఆమె చేయి చాపి, వీలైనంత దూరం నుంచి వడ్డించింది. గుండుకు రాసుకున్న కొబ్బరినూనె వాసన అన్నం వాసనలో కలిసింది. తాను తినలేదు. ఎందుకని అతను అడగలేదు.

మొదటినుంచీ అతను ఇట్లాంటివాడు కాదు. పెళ్లైన కొత్తలో ఆదివారం వస్తే ప్రభావతిని తీసుకుని అబిడ్స్ నడిచిపోయేవాడు. మూసిన దుకాణాల ముందు పేవ్‌మెంటు మీద పరిచిన పాత పుస్తకాల దగ్గర గొంతుక్కూర్చుని ఇంగ్లీషు గ్రామరు, టైపింగు, ఆఫీసు రూల్సు ఏరుకునేవాడు. ఆమె పక్కన నిలబడి కొంగుతో దుమ్ము దులిపి ఇచ్చేది. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నవాడు. రాష్ట్రం కొత్తగా ఏర్పడ్డాక ఫైళ్లన్నీ ఇంగ్లీషులోకి మారిపోతే, బడిపిల్లల పుస్తకాలు పట్టుకుని మొదటినుంచి నేర్చుకున్నాడు. డిపార్టుమెంటు పరీక్ష మొదటిసారే పాసైనాడు. ఆ రోజు ఆమె దేవుడికి చక్రపొంగలి నైవేద్యం పెట్టింది.

ఆ ఏడాది ప్రమోషను మీద పైకి పోయింది అతను కాదు. అతని దగ్గర నోటు రాయడం నేర్చుకున్న వాడు. వాడి మేనమామకు ఎవరో తెలుసట.

"మనకు ఆస్తి లేదు, పొలం లేదు," అని అప్పటినుంచి అనడం మొదలుపెట్టాడు శ్యామ్‌సుందర్. "పైసల్లేనోనికి మనుషులే మూలధనం. పరిచయం, నమ్మకం, మంచిపేరు, గివి గూడ జమ చేసుకోవాలె. వక్తు మీద, అక్కర పడ్డప్పుడు, తీసుకోవాలె."

వినడానికి తప్పేమీ లేదు. నలుగురితో మంచిగా ఉండు అని పెద్దలు చెప్పేదీ అదే కదా అని ప్రభావతి సర్దుకుంది. ఆమె పెట్టిన చింతకాయ తొక్కు సీసాలు హిమాయత్‌నగర్‌లో సారు ఇంటికి వెళ్లాయి. సారు భార్య సౌభాగ్యమ్మ శుక్రవారం పూజకు ప్రభావతిని పిలిస్తే వెళ్లి మంగళహారతులు పాడింది. పాడేటప్పుడు ఆమె అమ్మవారి ముఖమే చూసింది. ఇంటికొచ్చాక, "మేడమ్ గారు ఖుషీ అయిందా?" అని అతను అడిగినప్పుడు మాత్రం, తాను పాడింది ఎవరికోసమో అన్న అనుమానం ఒకటి పుట్టి, ఆ తర్వాతి శుక్రవారం పాడలేకపోయింది. తొక్కు పోయింది. పాట పోయింది. ఇప్పుడు మామగారి వంతు వచ్చింది.

* * *

గుండు కబురు నాంపల్లి స్టేషను వెనక తమ గల్లీ దాటి ఎంత దూరం పోయిందో మర్నాడు తెలిసింది.

పాలవాడు చెంబులో పాలు పోసి తలదించుకుని, రోజూ చేసే బేరాలేవీ లేకుండా వెళ్లిపోయాడు. పక్కింటి జయమ్మ గోడ పక్కకు వచ్చి, శ్యామ్‌సుందర్ తల చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వసారాలో పళ్లు తోముకుంటున్న వామన్‌రావును చూసి, కొంగు తీసేసి తెల్లబోయింది. గుట్ట నర్సింహస్వామి మొక్కు అని చెప్పాడు శ్యామ్‌సుందర్. ఎంత తొందరగా నోటికొచ్చిందో ఆ మాట. ప్రభావతి లోపల దేవుని గూటి ముందు నిలబడి వింది. గూట్లో ఉన్నది ఆ నర్సింహస్వామి పటమే. ఆమె కళ్లు ఎత్తలేకపోయింది.

పదిగంటల వేళ వెంకటనర్సయ్య వచ్చాడు. వామన్‌రావు దగ్గర పోస్ట్‌మ్యాన్‌గా పనిచేసిన ముసలాయన. కాచిగూడ నుంచి నడిచి వచ్చాడు కాబోలు, చొక్కా వీపుకు అంటుకుపోయింది. చేతిలో ఆకులో చుట్టిన బంతిపూల దండ. గేటు తీస్తూనే ఏడుపు మొదలుపెట్టాడు.

"పెద్దసారూ, ఒక్క ముక్క చెప్పకపోతిరి. ఆఖరి చూపన్న చూడకపోతిని..."

అని వసారా ఎక్కి, కుర్చీలో టీ సాసరులో పోసుకుని తాగుతున్న పెద్దసారును చూసి, దండతో సహా కొయ్యబారిపోయాడు.

"చూసుకో," అన్నాడు వామన్‌రావు. "ఎంతసేపు చూస్తవో చూసుకో. తొందరేం లేదు."

వెంకటనర్సయ్య ఏడుస్తూనే నవ్వాడు, నవ్వుతూనే మళ్లీ ఏడ్చాడు. అబిడ్స్ పోస్టాఫీసు మెట్ల దగ్గర పొద్దున అందరూ అనుకుంటున్నారట. పండ్లబండి అతను, ఎదురుగా ఇరానీ హోటలు అతను, సైకిల్ స్టాండు అతను, అందరూ సాయంత్రం వస్తామన్నారట. కొడుకు తల చూసినవాళ్లే చెప్పారట.

"వస్తె రానీ. చాయ పెట్టమ్మా ప్రభా. దండ ఇటియ్యి నర్సయ్యా, ఊరికె పారెయ్యకు. మా ఆమె ఫొటోకేస్త. నాకోసం తెచ్చిందంటె ఆమె సంబురపడ్తది."

అంతసేపూ శ్యామ్‌సుందర్ లోపల చొక్కా గుండీలు పెట్టుకుంటూనే ఉన్నాడు. వెంకటనర్సయ్య పోయేటప్పుడు కిటికీలోంచి అతని గుండును ఒకసారి చూశాడు. నమస్తే పెట్టలేదు. ఎన్నో ఏళ్ల నుంచి ఆ ఇంటి గడప దిగుతూ, "చిన్నసారూ, వస్త" అనకుండా ఆయన పోవడం అదే మొదలు.

సాయంత్రం నిజంగానే మనుషులు వచ్చారు. ఎవరి అమ్మకు కొడుకు పంపిన మనియార్డరు ఎండలో ఇంటికి తీసుకుపోయి ఇచ్చాడో, ఎవరికి అర్జీ రాసిపెట్టాడో, ఎవరితో దవాఖానకు తోడు పోయాడో వామన్‌రావుకు ఒక్కటీ గుర్తున్నట్టు లేదు. వచ్చినవాళ్లకు గుర్తుంది. ప్రభావతి టీ గ్లాసులు అందిస్తూ చూస్తూ ఉంది. ఈయనకూ మనుషులున్నారు కదా అనుకుంది. ఈయన మాత్రం జమ చేసుకోలేదా? చేసుకునే ఉంటాడు. కాని చేసుకుంటున్నట్టు తెలియకుండా చేసుకున్నాడు, తీసుకోవాలన్న ఆలోచన లేకుండా చేసుకున్నాడు. తేడా అదేనా? అంతేనా? చదువు తక్కువ మనిషి, అంతకంటే దూరం వెళ్లలేకపోయింది ఆమె ఆలోచన.

* * *

ఆదివారం శ్యామ్‌సుందర్ ఆమెను అబిడ్స్ తీసుకుపోయాడు. శుక్రవారం లక్ష్మీనర్సమ్మ తద్దినం. భోక్తలకు పంచెల చాపులు, ముత్తైదువకు రవికె గుడ్డ, గాజులు తేవాలి అని ఆమె అంటే, పద నేనూ వస్తా అన్నాడు. చాలా కాలానికి అట్లా అన్నాడు.

పేవ్‌మెంటు మీద పుస్తకాలు పరిచే ఉన్నాయి. అతను వాటి వైపు చూడలేదు. పుస్తకాలకు అవతల ఎవరో సఫారీ సూటు మనిషి కనిపిస్తే దాటి వెళ్లి చేతులు పట్టుకుని మాట్లాడి వచ్చాడు. ఆయన ఫలానా, రేపు పనికొస్తాడు అన్నాడు. తలకు తెల్ల టోపీ పెట్టుకున్నాడు ఈ మధ్య.

గాజుల దుకాణం ముందు ప్రభావతి ఆగితే మోచెయ్యి పట్టుకున్నాడు.

"గాజులొద్దు ఈసారి."

ఎందుకని అడిగింది. అతను చెప్పాడు. శుక్రవారం సెలవు అడగడానికి పోతే సారు కారణం అడిగాడట. అమ్మ తద్దినమంటే సారు కళ్లలో నీళ్లు తిరిగాయట. మా నాన్నకు కొడుకులా కూర్చున్నారు, మీ అమ్మగారి తద్దినానికి వచ్చి దండం పెట్టుకోకపోతే నేను మనిషినే కాదు అన్నాడట. ఏడాది దాకా పరాన్నం తినడు కాబట్టి భోజనం పేచీ లేదు. భోక్తలు కూర్చునే వేళకు వచ్చి, చూసి, పోతాడు.

"సారు మనింటికి వస్తడు ప్రభా. క్లర్కు ఇంటికి. ఇగ కాయితం మీద సంతకం అయినట్టే."

"అయితె?"

"అయితె ముత్తైదువను పిలవొద్దు."

ఆమెకు అప్పుడు గాని అర్థం కాలేదు. భర్త ఉండగా పోయిన ఆడదాని తద్దినానికే భోక్తల పక్కన ఒక ముత్తైదువను కూర్చోబెట్టి పసుపు, కుంకుమ, గాజులు ఇచ్చి భోజనం పెడతారు. ఇంద్రసేనరావు సంప్రదాయం తెలిసిన మనిషి. ఆ విస్తరి చూడగానే తెలిసిపోతుంది. కొడుకు చిన్నప్పుడే తండ్రి పోతే, ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు పోయిన తల్లి ముత్తైదువ ఎట్లా అయింది?

"బాపును ఖైరతాబాద్ అక్క ఇంటికి పంపుదాం, ఒక్క పూట. ఆయనకు నేను చెప్త. నువ్వు జర ముత్తైదువ సంగతి మరిచిపో. ఒక్క ఏడాది. పైయేడు ఇద్దర్ని కూసోబెట్టు, వద్దన్ననా?"

అతను బతిమాలుతున్నాడు. రోడ్డు మీద, ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారేమోనని ముఖం మీద నవ్వు పెట్టుకుని బతిమాలుతున్నాడు. ఆ నవ్వు చూస్తే ప్రభావతికి పాచిపోయిన అన్నంలో చెయ్యి పెట్టినట్టు అనిపించింది.

లక్ష్మీనర్సమ్మ దవాఖానలో ఆఖరి రోజున అద్దం అడిగింది. అద్దం దొరకలేదు. కోడలి ముఖం దగ్గరకు లాక్కుని, "కుంకుమ సక్కగున్నదా సూడు ప్రభా, చెమటకు కారిందేమో," అంది. సక్కగానే ఉందత్తమ్మా అని చెప్పింది ప్రభావతి. అప్పుడు కారిపోయే ఉంది. మళ్లీ దిద్ది చెప్పింది.

"మామయ్యను ఒకసారి చంపిన్రు," అంది ప్రభావతి నెమ్మదిగా. "ఇప్పుడు అత్తమ్మను విధవను చేయమంటున్నరు."

"ధీరే," అన్నాడు శ్యామ్‌సుందర్, గొంతు తగ్గించమన్నట్టు చుట్టూ చూస్తూ. "ధీరే మాట్లాడు."

* * *

వామన్‌రావుకు చెప్పవలసిన అవసరమే రాలేదు. గురువారం సాయంత్రానికి ఆయన చేతిసంచీలో పంచె, కండువా, మందుసీసా సర్దుకుని కూర్చున్నాడు. ఎట్లా తెలిసిందో ఎవరూ అడగలేదు. చిన్న ఇల్లు.

"కూతురు రమ్మని ఎన్నడో అన్నది," అన్నాడు. "పొద్దున్నే పోయొస్త."

"రేపే పోవాల్నా బాపూ?" అని శ్యామ్‌సుందర్ అన్నాడు. అట్లా అనడం అతని వంతు అన్నట్టు అన్నాడు. తండ్రి అతని వైపు చూశాడు. ఆ చూపు ముందు శ్యామ్‌సుందర్ ఏదో వెతుక్కుంటున్నట్టు లేచి లోపలికి పోయాడు.

పొద్దున ప్రభావతి మడిబట్ట కట్టుకుని పొయ్యి రాజేస్తుంటే ఆయన వంటింటి గడప దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. మడికి అంటకుండా దూరంగానే.

"గారెలేస్తున్నవా?"

"ఔ మామయ్యా."

"ఆమెకు అల్లం ఎక్కువుండాలె."

"తెలుసు మామయ్యా."

ఇంకేదో అంటాడని ఆమె చూసింది. ముత్తైదువ సంగతి ఎత్తుతాడనుకుంది. విస్తరి వెయ్యి అంటే వేస్తుంది. వద్దంటే ఏం చేస్తుందో ఆమెకు తెలియదు. ఆయన రెండూ అనలేదు. గోడ మీద భార్య ఫొటోకు వేసిన బంతిదండ ఎండిపోయి వంకర తిరిగి ఉంటే, వేలితో సరిచేసి, సంచీ భుజానికి తగిలించుకుని రిక్షా ఎక్కాడు. రిక్షా గల్లీ మలుపు తిరిగే దాకా వెనక్కి చూడలేదు. శ్యామ్‌సుందర్ వెంటనే పడక కుర్చీ మడిచి పెరట్లో కట్టెల మాటుకు చేర్చాడు. కళ్లజోడు పెట్టె కుర్చీ గుడ్డ మడతలో ఉండిపోయిందని దాన్ని కూడా తెచ్చి అటక మీద పెట్టాడు.

ప్రభావతి అది చూసింది. గారెల పిండి అరచేతిలో తట్టుతూ చూసింది. గుట్ట మొక్కు అన్నప్పుడు రాని కోపం, పెరట్లో లేడన్నప్పుడు రాని కోపం, ఆ కళ్లజోడు పెట్టె అటక ఎక్కుతుంటే వచ్చింది. కోపం కూడా కాదది, రోత.

మూకుడు దించి, గోడ దగ్గరకు పోయి జయమ్మను పిలిచింది.

"పిలుస్తలేదేందని చూస్తున్న," అంది జయమ్మ. "స్నానం గూడ చేసి కూసున్న. యాడాదికి ఒక్కపారి మీ అత్త నన్ను యాది చేస్తది, గీ యాడాది కోపమొచ్చిందా అనుకున్న."

"పెరటి దర్వాజ నుంచి రా అక్కా," అంది ప్రభావతి. "పిలిచినప్పుడు రా."

* * *

మంత్రాలు అయినాయి. ప్రహ్లాద్ పంతులు భోక్తలను కూర్చోబెట్టాడు. శ్యామ్‌సుందర్ పట్టుపంచె కట్టుకుని, మాటిమాటికీ వీధి వైపు చెవి పెడుతున్నాడు. జీపు ఆగిన చప్పుడుకు సగం లేచి మళ్లీ కూర్చున్నాడు, కర్త మధ్యలో లేవకూడదని గుర్తొచ్చి.

ఇంద్రసేనరావు చెప్పులు గేటు బయటే విడిచి వచ్చాడు. ఉత్తి పంచె, ఉత్తరీయం. గుండు మీద వెంట్రుక నల్లగా ఇప్పుడిప్పుడే పొడుచుకొస్తోంది. శ్యామ్‌సుందర్ తల మీద కూడా సరిగ్గా అంతే. ఒకే కత్తి, ఒకే పూట. చూసినవాళ్లు అన్నదమ్ములే అనుకుంటారు.

కుర్చీ తెప్పిస్తానంటే వద్దని ఆయన గోడ పక్కన నేల మీదే కూర్చున్నాడు. పెద్ద ఉద్యోగి అన్న పొగరు ఎక్కడా లేదు. లక్ష్మీనర్సమ్మ ఫొటోకు దండం పెట్టి, కళ్లు తుడుచుకుని, "మీ అబ్బాయి నాకు తమ్ముడమ్మా," అన్నాడు నెమ్మదిగా, ఫొటోతోనే. ఆ మాటలో కపటం లేదు. ఈ మంచి మనిషి ముందా ఇంత అబద్ధం అనుకుంది ప్రభావతి. విస్తరి వేయకపోతే ఆయన ఈ నమ్మకంతోనే సంతోషంగా వెళ్లిపోతాడు. సంతకం అవుతుంది. ఇల్లు ఒడ్డున పడుతుంది. ఎవరికి నష్టం?

ఫొటోలో అత్తగారి నుదుట కుంకుమ పెద్దదిగా, గుండ్రంగా ఉంది.

ప్రభావతి లోపలికి వెళ్లి విస్తరి తెచ్చింది. భోక్తల వరసకు కొంచెం ఎడంగా నేల తుడిచి పరిచింది. పక్కన పళ్లెంలో పసుపు, కుంకుమ, రవికె గుడ్డ, తన చేతులవి నాలుగు తీసి కడిగిపెట్టిన ఎర్రగాజులు.

శ్యామ్‌సుందర్ కళ్లతో వద్దన్నాడు. తల అడ్డంగా ఊపాడు. ఆమె చూసింది. చూసి, పెరటి తలుపు వైపు తిరిగి, "రా అక్కా," అంది.

జయమ్మ ముఖం నిండా పసుపుతో వచ్చి విస్తరి ముందు కూర్చుంది. "మామ ఏడి, కనబడ్తలేడు?" అనబోయి, కొత్తమనిషిని చూసి సగంలో మింగింది.

ఇంద్రసేనరావు విస్తరిని చూశాడు. పళ్లెంలో గాజులను చూశాడు. ఆలోచించుకుంటున్నట్టు కనుబొమలు కొంచెం దగ్గరయ్యాయి.

"అమ్మా, ఇది..."

"ముత్తైదువ విస్తరి," అంది ప్రభావతి. "మా అత్తమ్మ పునిస్త్రీగ పోయింది సార్."

ప్రహ్లాద్ పంతులు ఏమీ ఎరగనివాడు, ఔనన్నట్టు తల ఊపాడు. భోక్తలు ఆపోశనం కోసం చేతులు చాపి ఎదురుచూస్తున్నారు. బయట గల్లీలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు.

ఇంద్రసేనరావు చెయ్యి మెల్లగా పైకి లేచి తన గుండును తాకింది. చూపు మాత్రం శ్యామ్‌సుందర్ గుండు మీదే ఉంది. ఆ ముఖంలో కోపం లేదు. పండు అనుకుని కొరికిన దాంట్లో ఏదో కదిలినప్పుడు మనిషి ముఖం ఎట్లా అవుతుందో అట్లా అవుతోంది.

మీ నాన్నగారు ఎప్పుడు పోయారు అని ఆయన అడగలేదు.

"శ్యామ్‌సుందర్ గారూ," అన్నాడు. "మీ నాన్నగారు ఎక్కడున్నారు?"

శ్యామ్‌సుందర్ నోరు తెరిచాడు. భార్య వైపు చూశాడు.

ప్రభావతి తలెత్తలేదు. ఉన్నాడన్న ఆ ఒక్క మాట భర్త నోటితోనే రావాలని, వంచిన తల వంచినట్టే ఉంచి, జయమ్మ విస్తరి మీద నీళ్లు చల్లుతోంది.